కిరాయి ఇంటి రిపేర్లు: చేతిలో డబ్బు ఆడుతుండగానే చేయించడం

హనుమకొండ, కాజీపేట వైపు పిల్లల చదువుల కోసం వచ్చినవాళ్లు ఎక్కువగా ఎండాకాలంలోనే ఇళ్లు ఖాళీ చేస్తారు. రిపేర్లకు అదే అదును. కానీ మేస్త్రిని పిలిచే ముందు కాగితం తీయండి.

రెండు పోర్షన్లకు నెలకు 24,000 కిరాయి అనుకుందాం. ఏడాదికి 11 నెలలే లెక్కకట్టండి, ఒక నెల ఖాళీ పోతుంది. 2,64,000లో ఇంటి పన్ను, మోటారు, చిల్లర పనులకు 30,000 తీసేస్తే నెలకు సగటున 19,500. కిస్తీ అందులో మూడో వంతు, అంటే 6,500 దాటొద్దు. 12 శాతం వడ్డీకి 2 లక్షలు మూడేళ్లకు తీసుకుంటే కిస్తీ సుమారు 6,640, హద్దు దాటింది. ఐదేళ్లకైతే 4,450, కానీ మొత్తం వడ్డీ 39,000 నుంచి 67,000కు పెరుగుతుంది. ముందే కడితే చార్జీ లేని లోనైతే ఐదేళ్లదే మేలు. బంగారం మీద తెస్తే వడ్డీ నెలనెలా కట్టేయండి, లేదంటే అది అసలు మీద పేరుకుంటుంది.

అప్పు స్లాబ్ ఉరుపు, వైరింగ్, డ్రైనేజీలకే. రంగులు, కిచెన్ అల్మారాలు కిరాయి డబ్బుతో, ఒక్కో పోర్షన్ ఖాళీ అయినప్పుడు. ఉరుపు ఆపకుండా రంగు వేస్తే తొలి వానలకే పుట్టీ పొక్కులు లేచి రాలుతుంది; అదే గోడకు రెండుసార్లు డబ్బు. నీళ్లు ఎక్కువగా దిగేది పిట్టగోడ స్లాబ్‌ను కలిసే మూలలో, వానగొట్టం మొదట్లో. అక్కడ పాత గిలాబు కొట్టించి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక గొట్టం మూసి రెండంగుళాల నీళ్లు ఒక రోజంతా నిలబెట్టండి. కింద చెమ్మ కనిపించకపోతేనే డబ్బు.

గుత్తకు ఇచ్చినా అడ్వాన్స్ 10 శాతం మించొద్దు. సగం ముందే చేతిలో పడితే మేస్త్రి ఇంకో సైటుకు పోతాడు, మీ ఇల్లు ఖాళీగా ఉండి కిరాయి పోతుంది. మిగతాది అయిన పనిని బట్టి వారంవారం ఇస్తూ, చివరి 10 శాతం పెద్ద వాన పడేదాకా ఆపండి.

కిరాయిదారు ఇచ్చిన అడ్వాన్స్ ముట్టొద్దు, అది తిరిగివ్వాల్సిన డబ్బు. అతనే రంగు వేయించుకుంటానంటే ఎంత, ఏయే నెలల కిరాయిలో తగ్గించాలో కాగితం మీద సంతకాలతో రాసుకోండి.

ఆదాయపు పన్నులో రిపేర్ల కింద విడిగా తగ్గింపు రాదు. ఇంటి పన్ను పోను మిగిలిన కిరాయిలో 30 శాతం ఎలాగూ మినహాయిస్తారు. రిపేరు కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం విడిగా చూపొచ్చు. అందుకే సామాన్ల బిల్లులు, బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఒకే ఫైల్లో పెట్టండి.