అంతర్వేదికి కారు పంటు ఎక్కించకండి
సెలవు రోజు అంతర్వేది నరసింహస్వామి గుడికి వెళ్లాలని పంటు (మనుషుల్నీ కార్లనీ గోదావరి దాటించే పెద్ద పడవ) కోసం నరసాపురం రేవులో ఆగిన కార్ల వరుస చూస్తే పిల్లలతో వెళ్లేవాళ్లకి టెన్షనే. పంటు మీద కార్లకి చోటు తక్కువ, మనుషులైతే త్వరగా ఎక్కేయొచ్చు. అందుకే కారు నరసాపురంలోనే పెట్టేసి, మనిషికో నీళ్ల సీసా, రెండు తువ్వాళ్లు, కాస్త చిల్లర ఒకే సంచిలో సర్దుకుని నడిచి ఎక్కండి. పిల్లలకి కూడా నిలబడి గోదావరి చూడటమే ఇష్టం.

గోదావరి పాయ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కడ ఆటో మాట్లాడేటప్పుడే గుడి, గోదావరి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు, తిరిగి రేవు దాకా, మూడూ కలిపి బేరమాడండి. విడివిడిగా అయితే ఖర్చు పెరుగుతుంది. పంటు దిగగానే ఆఖరి పంటు ఎన్నింటికో అడిగి ఉంచుకోండి.

గోదావరికి వరదొస్తే మాత్రం పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా కారులోనే వెళ్లాలి.