తడి గడ్డి మీదికి మెషిన్ దింపకండి: వానలకు ముందు లాన్ జాగ్రత్తలు

మొన్న మా పక్క వీధిలో గడ్డి కోస్తున్న కుర్రాడికి షాక్ కొట్టింది. ముందురోజు రాత్రి వాన పడింది. పొద్దున్నే వరండా ప్లగ్గు నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగి లాన్ మధ్యలో పెట్టారు. ఆ వైరుకు టేపు చుట్టిన అతుకు ఒకటి ఉంది. అది తడి గడ్డిలో పడి ఉంది. మెషిన్ వెనక్కి లాగేటప్పుడు అతని కాలు దాని మీద పడింది. ఇంట్లో ఉన్న పెద్దావిడ పరుగెత్తి మెయిన్ ఆపేయబట్టి ప్రాణం దక్కింది. అరికాలు కాలి ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు.

మృగశిర కార్తె దగ్గర పడింది. జూన్ రెండో వారానికల్లా మన వైపు వానలు మొదలవుతాయి. ఎండాకాలమంతా నీళ్లు పోసి కాపాడుకున్న గడ్డి ఒక్కసారిగా లేస్తుంది. అందరికీ కోయాలనే తొందర పుడుతుంది. నీళ్లు పోయండి, ఎరువు వేయండి అని నేను చెప్పక్కర్లేదు. ఇళ్ల ముందు లాన్లు చూసే పనిలో ఉన్నందువల్ల ఏటా చూస్తున్న ఒక తప్పు గురించే ఎక్కువ చెబుతాను. తడిగా ఉన్న గడ్డిని కోయకండి. మనిషి ప్రాణానికీ అదే ముప్పు, లాన్ పాడవడానికీ చాలాసార్లు అదే కారణం.

ముందు మనిషి సంగతి

"మా ఇంట్లో ఎంసీబీ ఉందండీ, ఏమైనా అయితే పడిపోతుంది" అని చాలామంది ధీమాగా అంటారు. ఎంసీబీ అంటే బోర్డులో తనంతట తానే పడిపోయే స్విచ్చు. దాన్ని పెట్టేది వైర్లు కాలిపోకుండా. పదహారు యాంపుల ఎంసీబీ పడిపోవాలంటే దానిలోంచి పదహారు యాంపుల కంటే ఎక్కువ కరెంటు పారాలి. మనిషి గుండె లయ తప్పడానికి యాభై, వంద మిల్లీయాంపులు చాలు. అంటే ఒక యాంపులో పదో వంతు లోపే. ఆ కాస్త కరెంటు ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే ఎంసీబీకి తెలియను కూడా తెలియదు.

దాన్ని పసిగట్టేది ఆర్‌సీసీబీ అనే ఇంకో రకం స్విచ్చు. 30 మిల్లీయాంపులది పెట్టించండి. వెళ్లిన కరెంటు వెనక్కి రాకుండా ఎక్కడో లీకవుతోందని గమనించి వెంటనే ఆపేస్తుంది. దాని మీద చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి. నొక్కినా పడకపోతే అది పాడైనట్టే. ఇల్లు కట్టినప్పుడు పెట్టారో లేదో తెలియకపోతే ఇవాళే బోర్డు తెరిచి చూడండి. లేకపోతే వానలు మొదలయ్యేలోపు ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. లాన్‌కి పెట్టే ఖర్చులో ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి లేదు.

ఆర్‌సీసీబీ ఉంది కదా అని మాత్రం తడిలో దిగకండి. అది చివరి ఆసరా.

తడి ఒళ్లు కరెంటును తేలిగ్గా లోపలికి రానిస్తుంది. పొడి చేతికి చురుక్కుమని వదిలేసే షాకే తడి పాదానికి ప్రాణం తీయగలదు. పైగా లాన్‌లో పనిచేసే మాలి చాలా ఇళ్లలో చెప్పులు కూడా వేసుకోడు. ఇంటి వాళ్లే ఒక జత రబ్బరు బూట్లు కొని పెట్టండి. మెషిన్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే ఎర్తు పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్లో గుచ్చకండి. వైరుకు మధ్యలో అతుకు ఉండకూడదు. టేపు ఎంత గట్టిగా చుట్టినా నీళ్లు దూరతాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వరండాలోనే ఎత్తు మీద ఉండాలి, గడ్డి మీదికి వైరు మాత్రమే రావాలి. ఆ వైరు ఎప్పుడూ మెషిన్ వెనకాల, కోసేసిన వైపు ఉండాలి.

తర్వాత గడ్డి సంగతి

తడిసిన ఆకు వంగిపోయి ఉంటుంది. బ్లేడు దాన్ని తెగ్గొట్టలేదు, చింపేస్తుంది. చిరిగిన కొస రెండు రోజుల్లో తెల్లబడి ఎండుతుంది, దూరం నుంచి చూస్తే లాన్ అంతా పాలిపోయినట్టు ఉంటుంది. ఆ చిరుగుల్లోంచే బూజు తెగులు లోపలికి పోతుంది. కోసిన తడి గడ్డి ముద్దలు ముద్దలుగా పడుతుంది. వాటిని ఎత్తకపోతే కింద ఉన్న గడ్డికి గాలీ వెలుతురూ అందక పసుపు మచ్చలు వస్తాయి. చక్రాలు నానిన మట్టిని అణగదొక్కుతాయి. నల్లరేగడి నేలలో ఈ ఒక్క పని చాలు, ఆ చాళ్లు దసరా దాకా కనిపిస్తూనే ఉంటాయి. ఎందుకంటే గట్టిపడిన మట్టిలోకి వేరు దిగదు, నీరు ఇంకదు. తర్వాత వచ్చే ప్రతి వానకూ అక్కడే నీళ్లు నిలుస్తాయి.

పెట్రోలు మెషిన్‌కు షాక్ భయం ఉండదు కానీ మిగతావన్నీ దానికీ వర్తిస్తాయి. తడి గడ్డి బ్లేడు చుట్టూ ఇరుక్కుంటుంది, అది తీయడానికి చెయ్యి లోపల పెడతారు. ఇంజను ఆపి, స్పార్క్ ప్లగ్గు తొడుగు పీకేసిన తర్వాతే కింద చెయ్యి పెట్టాలి. కరెంటు మెషిన్ అయితే ప్లగ్గు తీసేశాక.

తడి ఆరిందో లేదో కంటితో తేల్చకండి. ఒక పాత న్యూస్‌పేపర్ ముక్క గడ్డి మీద పరిచి అరచేత్తో నొక్కండి. కాగితం చెమ్మగిల్లితే ఇంకా కోసే వేళ కాలేదు. ఆ తర్వాత మడమతో నేలను గట్టిగా అదమండి. నీరు ఊరినా, మడమ గుర్తు లోతుగా పడినా ఆ రోజు మెషిన్ బయటికి తీయకండి. మెక్సికన్ గ్రాస్ అనే రకం దట్టంగా అల్లుకుంటుంది కాబట్టి పైన ఆరినట్టున్నా లోపల చెమ్మ ఉంటుంది. దాన్ని వేళ్లతో విడదీసి చూడాలి. ముసురు లేని రోజు పదకొండు తర్వాత చూస్తే మంచిది.

ఈ తప్పు జరగడానికి అసలు కారణం మాలి వచ్చే రోజు. అతను వారానికో, పదిహేను రోజులకో ఒకసారి వస్తాడు. ఆ రోజు గడ్డి తడిగా ఉన్నా "వచ్చావు కదా, కోసేసి వెళ్లు" అంటారు. కోయకపోతే ఆ రోజు డబ్బులు రావేమోనని అతనూ కాదనలేడు. మీరే వద్దనండి. ఆ రోజు కూలీ ఇచ్చేసి కలుపు తీయించుకోండి, అంచులు సరిచేయించుకోండి, లేదా ఊరికే పంపేయండి. కూలీ తగ్గిస్తారనే భయంతో ఎవరూ తడి గడ్డిలోకి కరెంటు తీగ పట్టుకుని దిగే పరిస్థితి మీ ఇంట్లో రానివ్వకండి.

వారం రోజులు ముసురు పట్టి గడ్డి చీలమండ దాకా పెరిగిందనుకోండి. పెరగనివ్వండి. ఆరాక రెండు మూడు విడతల్లో దించండి. ఏ విడతలోనూ ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. ఒక్కసారే నేల దాకా గొరిగితే కింద ఎండిన కాడలు మాత్రమే మిగులుతాయి, ఆ ఖాళీలో కలుపు మొలుస్తుంది. వానాకాలంలో బెర్ముడా, మెక్సికన్ గ్రాస్‌లను అంగుళం నుంచి అంగుళంన్నర ఎత్తులో, బఫెలో గ్రాస్‌ను రెండు అంగుళాల పైనే ఉంచండి.

వాన రాకముందే చేయాల్సినవి

నీళ్లు ఎటు పోతాయో చూడండి. డాబా మీది నీళ్ల గొట్టం చాలా ఇళ్లలో నేరుగా లాన్ మూలకు వదిలేసి ఉంటుంది. దాన్ని ఇంకుడు గుంతకు కలపండి. లాన్ గోడ వైపు వాలి ఉంటే ఎర్రమట్టి, ఇసుక, వర్మీకంపోస్టు కలిపి పలచగా చల్లుతూ ఎత్తు సరిచేసుకోండి. ఆకు కొసలు కనబడుతూ ఉండాలి, ఒకేసారి మందంగా పోస్తే గడ్డి ఊపిరాడక చస్తుంది. గట్టిపడిన చోట ఫోర్కుతో నాలుగైదు అంగుళాల లోతు గుచ్చండి. ఫోర్కు గుచ్చే ముందు లాన్ లైట్ల కేబుల్ ఎక్కడినుంచి పోతోందో తెలుసుకోవాలి. మెయిన్ ఆపి గుచ్చితే ఇంకా మంచిది.

యూరియా వంద గజాలకు కిలో దాటకూడదు. ఆకు పొడిగా ఉన్నప్పుడు సమానంగా చల్లి, వెంటనే నీళ్లు కొట్టండి. ఇక్కడా అదే మాట: తడి ఆకు మీద చల్లితే గింజలు అంటుకుని, అంటుకున్న చోటల్లా ఆకు మాడుతుంది. పెద్ద వాన వచ్చే రోజు చల్లితే కాలవపాలు. గడ్డి పసుపుగా ఉందంటే ప్రతిసారీ నత్రజని లోపమే అనుకోకండి. లేత ఆకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పాలిపోతే ఇనుము అందట్లేదు. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. వేరుశెనగకు కొట్టినట్టే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. టైల్స్ మీద పడితే తుప్పు మరక పోదు.

వానలు మొదలయ్యాక ఆటోమేటిక్ స్ప్రింక్లర్ టైమర్ ఆపేయండి. వాన కురుస్తుంటే స్ప్రింక్లర్ తిరగడం ఎన్నో ఇళ్లలో చూస్తుంటాం. రాత్రంతా తడిగా ఉన్న గడ్డిలో గోధుమ రంగు గుండ్రటి మచ్చలు వస్తాయి. అది బూజు తెగులు. ఆ మచ్చలు చూసి నీరు చాలలేదనుకుని ఇంకా పోస్తారు, యూరియా వేస్తారు. రెండూ తెగులును పెంచేవే. వాన లేని రోజుల్లో నీళ్లు పెట్టాల్సి వస్తే తెల్లవారుజామున పెట్టండి, సాయంత్రం వద్దు.

ఇంకో రకం పసుపు మచ్చ ఉంది. తొలి వానలకు సాయంత్రాలు గోధుమ రంగు పెంకు పురుగులు నేలలోంచి లేచి వేప, రేగు చెట్ల మీద వాలతాయి. వాటి పిల్లలే వేరు పురుగులు. శ్రావణ, భాద్రపదాల్లో వేళ్లు కొరికేస్తాయి. మచ్చ పడ్డచోట గడ్డిని పట్టి లాగండి. చాపలా చుట్టుకుని పైకి వచ్చేస్తే కింద తెల్లటి, వంకర తిరిగిన పురుగులు ఉంటాయి. అడుగు చదరంలో ఐదారు కనిపిస్తే మెటారైజియం అనే, పురుగులను చంపే శిలీంధ్రాన్ని బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి తేమ నేల మీద సాయంత్రం చల్లండి. పచ్చి పేడ మాత్రం లాన్‌కు తేకండి, ఈ పురుగులు దానితో కూడా రావచ్చు. ఎర్రటి మఖమల్లులాంటి ఆరుద్ర పురుగులు కనిపిస్తే మందు కొట్టకండి, అవి గడ్డిని తినవు.

ఇక వరసగా

తుంగను పైపైన పీకకండి. గడ్డ నేలలో ఉండిపోతే మళ్లీ మొలుస్తుంది. వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు చిన్న పారతో లోతుగా తవ్వి గడ్డతో సహా తీయండి. ఈ పని చేత్తో చేసేదే కాబట్టి తడిలో చేయొచ్చు.

వయ్యారిభామను పూత రాకముందే పీకండి. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ. ఆయాసం ఉన్నవాళ్లు దగ్గరికి పోవద్దు.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు కలుపునే చంపుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ లాన్‌నూ చంపుతుంది.

పారాక్వాట్ అనే కలుపు మందు ఇంట్లోకి తేవద్దు. దానికి విరుగుడు లేదు.

ఏ మందునైనా కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టొద్దు. ఒక్క రోజుకు కూడా వద్దు.

లాన్ లైట్లు 230 వోల్టులవైతే వానాకాలం ముందు ప్రతి జాయింటూ తెరిపించి చూడండి. వీలైతే 12 వోల్టుల ఎల్ఈడీలకు మారండి. ఇనుప స్తంభం లైటును పిల్లలు పట్టుకోకుండా చూడండి.

వాన పడి గంట కూడా కాకుండా మెషిన్ తీయొద్దు. ఎండ వచ్చినా తీయొద్దు. కాగితం పెట్టి చూడండి.

రేపు చుట్టాలు వస్తున్నారని, ఇంట్లో ఫంక్షన్ ఉందని తడి గడ్డి కోయించొద్దు. గడ్డి పొడుగ్గా ఉంటే ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లల చేత మెషిన్ వైరు పట్టించొద్దు.

ఉరుము వినబడితే లోపలికి వచ్చేయండి. లాన్ చెట్టు కింద నిలబడొద్దు.

వానకు మొలిచిన పుట్టగొడుగులు కోసి పారేయండి. తినే రకమేమో అని వండొద్దు.

లాన్ పక్కన కట్టెలు, ఇటుకలు, ఖాళీ కుండీలు పేర్చి ఉంటే ఇప్పుడే తీయించండి. అక్కడ కట్లపాము, రక్తపింజరి చేరతాయి. కుండీ పళ్లేల్లో వారం రోజులు నీళ్లు నిలిస్తే చాలు, డెంగ్యూ దోమ తయారవుతుంది.

పాము కరిస్తే కట్టు కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలు కదలనీయకుండా 108లో పెద్ద ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

షాక్ కొట్టి పడిపోయిన మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ దూరంగా ఉంటే మీరు పొడి నేల మీద నిలబడి, పొడి కర్రతో వైరు పక్కకు నెట్టండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా, నిమిషానికి వందకు పైగా నొక్కుతూ ఉండండి. 108 వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి.

వీధి కరెంటు తీగ తెగి లాన్‌లో పడితే దగ్గరికి వెళ్లొద్దు, కర్రతో కూడా ముట్టుకోవద్దు. అందరినీ దూరంగా ఉంచి కరెంటు ఆఫీసు నంబరు 1912కి ఫోన్ చేయండి, లైను ఆపేశామని వాళ్లు చెప్పేదాకా గేటు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి.