మొక్కల వలసను చదవడం – 3వ పాఠం: జత లేకుండా దిగిన మొక్క

కిందటి పాఠంలో గింజలు గాలికి, నీటికి, పశువుల పొట్టలో ఎలా ఊళ్లు దాటుతాయో చూశాం. కానీ చేరడం వేరు, నిలదొక్కుకోవడం వేరు. కొత్త చోట ఒక్కటంటే ఒక్క మొక్కే దిగిందనుకోండి. పుప్పొడి ఇచ్చే జత లేదు, అలవాటైన తేనెటీగ లేదు. మరి దాని సంతతి ఎలా పెరుగుతుంది? ఏ కొత్త మొక్క కనబడినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఇదే. జత అక్కర్లేని మొక్కలకే ఇలాంటి చోట అవకాశం ఎక్కువని వృక్షశాస్త్రవేత్త హెర్బర్ట్ బేకర్ 1955లో రాశాడు. దాన్ని బేకర్ నియమం అంటారు.

ఇవాళ్టి పాఠానికి గుర్రపు డెక్క కావాలి. మన కాలవల్లో, చెరువుల్లో దానికి కొదవ లేదు. పుట్టిల్లు మాత్రం దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతం. పువ్వు బాగుందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు తెచ్చారు.

గుత్తిగా ఉన్న మొక్కల్ని తెగకుండా నెమ్మదిగా పైకి లాగండి. తల్లి మొక్క మొదలు దగ్గర్నుంచి అడ్డంగా ఒక తీగ, దాని కొసన పిలక కనిపిస్తాయి. ఆ పిలకకు అప్పటికే సొంత వేళ్లు ఉంటాయి. తీగ తుంచండి, రెండూ బతుకుతాయి. పడవ తగిలినా, వరద తోసినా తెగేది అక్కడే. ఎండ, మురుగునీటి బలం రెండూ దొరికితే రెండు వారాల్లోపే రెట్టింపు కాగలదు.

ఇప్పుడు పువ్వు. సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి పొద్దున్నే కోయండి. పై రేకు మీద నెమలి కన్నులాంటి పసుపు మచ్చ ఉంటుంది. రేకులు విప్పి ఆరు కేసరాలు లెక్కపెట్టండి: మూడు పొడుగు, మూడు పొట్టి. వాటి మధ్య ఎత్తులో కీలం (పుప్పొడిని అందుకునే సన్నని కాడ) కొస కనిపిస్తే అది మధ్య రకం. ఈ జాతిలో పొడుగు, మధ్య, పొట్టి అని మూడు రకాల కీలాలున్నాయి. పొట్టి రకం పుట్టింట్లోనే మిగిలిపోయింది. బయటి దేశాల్లో ఎక్కువగా దొరికేది మధ్య రకమే. చూడండి, మూడింట ఒక్క రకమే దాదాపు ప్రపంచాన్ని చుట్టేసింది! పిలకలున్నాక జత కోసం ఆగాల్సిన పనేముంది? పైగా తన పుప్పొడితో తనే గింజ కట్టగలదు. ఆ గింజలు బురదలో ఏళ్ల తరబడి బతికుంటాయి. అందుకే తీసేసిన చెరువులో మళ్లీ మొలుస్తుంది.

దీని పక్కన వెనిలాను పెట్టి చూడండి. మెక్సికో పుట్టిల్లుగా ఉన్న ఈ తీగ హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి చేరాక పూసింది గానీ కాయలేదు. 1841లో ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లాడు పుల్లతో, బొటనవేలితో పుప్పొడి అద్దే పద్ధతి కనిపెట్టాకే అక్కడ కాయల పంట నిలబడింది.

అభ్యాసం: ఒక్క పిలకను తొట్టిలో వేసి, వారానికోసారి మొక్కలు లెక్కపెట్టి తేదీతో రాసుకోండి. దోమలు చేరకుండా తొట్టి మీద వలగుడ్డ కట్టండి. పనయ్యాక మొక్కల్ని కాలవలో పారేయకండి, గట్టు మీద పూర్తిగా ఎండబెట్టండి. వచ్చే పాఠంలో పిలకలు లేకుండా గింజల మీదే బతికే వయ్యారిభామను చూద్దాం. ఈ లెక్కలు అప్పుడు దగ్గరుంచుకోండి.