అరకు ఘాట్ ఎక్కే ముందు కొండ కోతను చూడండి

అక్టోబరు, నవంబరు నెలల్లో అరకుకు జనం పోటెత్తుతారు. తుపాన్లు వచ్చేదీ అప్పుడే. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. దసరాతో వానలు పోయినట్టేనని బండి తీయకండి.

మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయి ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరే దానికి పెట్టారు. వంద కోట్ల ఏళ్ల పాత రాయి కదా, గట్టిగా ఉంటుందనుకుంటాం. కానీ వానకూ గాలికీ అది లోపలినుంచే పుచ్చిపోతుంది. ఘాట్ రోడ్డు కోసం కొండను నిలువునా తవ్విన కోతలోంచి చిన్న ముక్క తీసి బొటనవేలితో నొక్కండి. ఎర్రగా పొడైపోతుంది, అరచేతిలో ఆవగింజంత గార్నెట్ అనే ఖనిజం పలుకులు మిగులుతాయి. రాయిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమట్టిగా మారిపోవడమే కారణం. చూపుకు మాత్రం రాతి చారలు చెక్కుచెదరవు. మోసమంతా అక్కడే! రెండు మూడు రోజులు ముసురు పట్టిందంటే నీళ్లు దిగిన మట్టి బరువెక్కి, ఆ చారల వెంబడే జారుతుంది.

అందుకే టీ కోసమో ఫొటో కోసమో ఎర్రటి కోత కింద బండి ఆపొద్దు. పైనుంచి గులకరాళ్లు రాలుతున్నా, చెట్లు రోడ్డు మీదికి ఒరిగినా, తేటగా వచ్చే ఊటనీరు బురదగా మారినా వెనక్కి తిరిగిపోవడమే మేలు. రాత్రి ప్రయాణం అసలొద్దు, ఇవేవీ కనపడవు. రైల్లో వెళ్లేవాళ్లు కూడా బయల్దేరే ముందు లైను తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

గెడ్డల (కొండవాగుల) దగ్గర ఇంకో చిక్కు. మీరున్నచోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన వాన కాసేపటికి దిగొస్తుంది. నీళ్ల రంగు మారిందంటే పిల్లల్ని లాక్కుని గట్టెక్కండి, చెప్పుల కోసం ఆగకండి. బొర్రా గుహలున్నది సున్నపురాయిలో, వాటి కిందుగా గోస్తని పారుతుంది. జోరు వానలో అక్కడ నీటి అంచుకు దిగొద్దు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల అంచున నిలబడి సెల్ఫీలూ వద్దు, అది వదులు ఇసుక.

విశాఖలో కొండవాలున ఇళ్లున్నవాళ్లకు ఒక మాట. కొండమట్టిని ఆపే వెనక గోడలో నీళ్లు పోవడానికి వదిలిన పైపులు కారుతున్నాయని సిమెంటుతో పూడ్చేయకండి. వాన ఆగకుండా పడుతున్నా ఆ పైపుల్లోంచి చుక్క రాకపోతే నీళ్లు గోడ వెనకే నిలిచిపోతున్నాయేమో; అలా జరిగినా, గోడ ఉబ్బినట్టు కనిపించినా, ఆ రాత్రి చుట్టాలింట్లో పడుకోండి.