ఫ్రీ ఫోటోలు, ఐకాన్లు ఎక్కడ దొరుకుతాయి, దొరికాక ఏం చూస్కోవాలి

డిజైన్ మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ అడిగేది ఇదే, మంచి ఫోటోలు ఫ్రీగా ఎక్కడ దొరుకుతాయి అని. సైట్ల పేర్లు చెప్పడం రెండు నిమిషాల పని, చెప్తా కూడా, కానీ అసలు తిప్పలన్నీ దొరికిన ఫోటో మన పనికి వాడుకోవచ్చా లేదా అన్న దగ్గరే వస్తాయి.

మొదట్లో నేనూ గూగుల్ ఇమేజెస్‌లో వెతికి నచ్చింది రైట్ క్లిక్ కొట్టి సేవ్ చేసుకున్న బాపతే. ఒకళ్ళకి వెబ్‌సైట్ బ్యానర్ చేసిచ్చా, కొన్నాళ్ళకి ఆ ఫోటో తీసినాయన నుంచి వాళ్ళకి మెయిల్ వచ్చింది, పాపం మర్యాదగానే రాశాడు తీసేయండి అని. తీసేయడం ఎంతసేపు, కానీ ఆ బ్యానర్ రంగులు, అక్షరాలు, పక్కన బటన్లు అన్నీ ఆ ఫోటో చూసి పెట్టినవి కదా, మొత్తం మళ్ళీ మొదట్నుంచి చేయాల్సొచ్చింది, ఒక్క రూపాయి అదనంగా అడిగే మొహం కూడా లేదు.

గూగుల్ వెతికి చూపిస్తుంది అంతే, ఆ ఫోటోలు దానివి కావు. అక్కడే వెతకాలంటే టూల్స్ నొక్కి యూసేజ్ రైట్స్‌లో క్రియేటివ్ కామన్స్ లైసెన్సెస్ పెట్టుకోండి, అంటే ఏ షరతులతో వాడుకోవచ్చో తీసినవాళ్ళే ముందుగా చెప్పి ఇచ్చే అనుమతులు, పొట్టిగా సీసీ అంటారు. పెట్టుకున్నాక కూడా ఆ ఫోటో ఉన్న అసలు పేజీకి వెళ్ళి లైసెన్స్ ఏం రాసుందో కళ్ళతో చూడాల్సిందే.

ఆ లైసెన్సుల గోల ఒక్కసారి అర్థమైతే చాలు, జన్మలో మర్చిపోరు. సీసీ జీరో (తీసినవాళ్ళు హక్కులు వదిలేసుకున్నవి) అన్నా పబ్లిక్ డొమైన్ (కాపీరైట్ లేనివి) అన్నా హాయిగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పేరు వేయకపోయినా అడిగేవాళ్ళు లేరు. సీసీ బై అంటే వాడుకో కానీ నా పేరు వెయ్ అని. దాని వెనక తోకలుంటాయి చూడండి, వాటితోనే జాగ్రత్త. ఎన్‌సీ ఉంటే వ్యాపారానికి వాడకూడదు, కాబట్టి డబ్బులు తీసుకుని చేసే పనికి ఆ జోలికే పోకండి. ఎన్‌డీ ఉంటే కోసి, రంగులు మార్చి, ఇంకో బొమ్మలో కలిపి బయటపెట్టడానికి లేదు, మరి డిజైన్‌లో మనం చేసేదే అది కదా. ఎస్‌ఏ ఉంటే దాన్ని మార్చి చేసిన కొత్త బొమ్మ కూడా అదే లైసెన్స్ కింద అందరికీ ఇవ్వాలి, ఈ ముక్క చెప్తే ఏ క్లయింటూ ఒప్పుకోడు. ఇంకోటి, రాయల్టీ ఫ్రీ అని కనపడగానే ఫ్రీ అనుకోకండి, ఒకసారి డబ్బు కట్టాక వాడిన ప్రతిసారీ మళ్ళీ కట్టక్కర్లేదు అని మాత్రమే దాని అర్థం.

ఇక సైట్లు. ఫోటోలకి అన్‌స్ప్లాష్, పెక్సెల్స్, పిక్సాబే, ఈ మూడూ అందరికీ తెలిసినవే. మూడింటికీ సొంత లైసెన్సులున్నాయి, వ్యాపారానికి కూడా వాడుకోనిస్తాయి, పేరు వేయడం తప్పనిసరి కాదు, కాకపోతే ఆ ఫోటోని ఏం మార్చకుండా ఉన్నది ఉన్నట్టు అమ్ముకోకూడదు. వెతికినప్పుడు ముందు వరసలో కనపడేవి చాలాసార్లు డబ్బు కట్టే సైట్ల యాడ్సే, సరిగ్గా మనకి నచ్చేది కూడా అక్కడే ఉంటుంది, అదేం చిత్రమో. అన్‌స్ప్లాష్‌లో అయితే ప్లస్ గుర్తు ఉన్నవి కూడా డబ్బు కట్టేవాళ్ళకే.

వీటితో గొడవేంటంటే మొదటి పేజీలో ఫోటోలు అందరూ వాడేసినవే, ల్యాప్‌టాప్ పక్కన కాఫీ కప్పు చూసి చూసి విసుగొచ్చేసింది. దీనికి నేను చేసేది చెప్తా. సక్సెస్, టీమ్‌వర్క్ లాంటి గాల్లో మాటలు కొట్టను, కంటికి కనపడే వస్తువు పేరు కొడతా, మెట్లు, తాడు ముడి, కిటికీలోంచి పడే ఎండ, ఇలాంటివి. ఒక ఫోటో నచ్చితే అక్కడితో ఆగకుండా తీసినవాళ్ళ ప్రొఫైల్‌లోకి వెళ్తా, ఎందుకంటే అదే వెలుతురులో అదే రంగుల్లో ఇంకో పదో ఇరవయ్యో ఉంటాయి, వెబ్‌సైట్ మొత్తానికి ఒకే చేత్తో తీసినట్టుండే ఫోటోల సెట్టు అక్కడే దొరికేస్తుంది. వేర్వేరు వాళ్ళవి ఐదు ఏరుకొచ్చి పెడితే ఎంత మంచివైనా అతుకుల బొంతలా ఉంటుంది.

నాకు మాత్రం అసలు గని మ్యూజియంలే, కొత్తవాళ్ళు అటు తొంగి కూడా చూడరు ఎందుకో. న్యూయార్క్‌లో ఉన్న మెట్ మ్యూజియం 2017లో పబ్లిక్ డొమైన్‌లో ఉన్న తన కళాఖండాల ఫోటోలు 3,75,000 పైచిలుకు సీసీ జీరో కింద ఇచ్చేసింది. అమెరికాలో బోలెడు మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ 2020లో మొదలుపెట్టడమే 28 లక్షల బొమ్మలతో మొదలుపెట్టింది. చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్ మ్యూజియం కూడా ఇస్తాయి. మెట్ సైట్‌లో వెతికేటప్పుడు ఓపెన్ యాక్సెస్ టిక్ పెట్టుకోండి, స్మిత్సోనియన్‌లో సీసీ జీరో ఫిల్టర్, లేకపోతే హక్కులున్నవి కూడా కలిసొచ్చేస్తాయి. పాత పూల బొమ్మలు, పక్షులు, చేపలు కావాలంటే బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ చూడండి, వందేళ్ళ కిందటి పుస్తకాల్లో చేత్తో గీసినవి, వెనక కాగితం రంగు తీసేసి ఒక్క ఆకు పెద్దదిగా చేసి పెడితే పోస్టర్ కళే మారిపోతుంది. ఆకాశం, గ్రహాలు అయితే నాసా, వాళ్ళు తీసిన వాటికి మామూలుగా కాపీరైట్ ఉండదు, కానీ వాళ్ళ లోగో వాడకూడదు, మన సరుకుని నాసా మెచ్చుకుంది అన్నట్టు పెట్టకూడదు. అన్నీ ఒకే చోట వెతకాలంటే ఓపెన్‌వర్స్, వికీమీడియా కామన్స్ ఉన్నాయి, అక్కడ మాత్రం ఒక్కో ఫోటోది ఒక్కో లైసెన్స్, ప్రతిదీ చూస్కోవాలి.

ఐకాన్లకి గూగుల్ వాళ్ళ మెటీరియల్ ఐకాన్లు, ఫెదర్, హీరోఐకాన్స్ బాగుంటాయి, పేరు వేసే పని లేదు. నౌన్ ప్రాజెక్ట్, ఫ్లాటికాన్ ఫ్రీగా తీసుకుంటే పేరు వేయాలి. ఎక్కడ తీసుకున్నా ఒకే సెట్టులోంచి తీసుకోండి, గీత మందం తేడా వస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

ఇప్పుడు పీఎన్‌జీ సంగతి, అంటే వెనక ఏమీ లేకుండా బొమ్మ ఒక్కటే ఉంచగలిగే ఫైల్ రకం. బ్యాక్‌గ్రౌండ్ లేని బొమ్మ అని బూడిద, తెలుపు గళ్ళతో చూపిస్తారు, సంబరపడి దింపి డిజైన్‌లో పడేస్తే ఆ గళ్ళు కూడా బొమ్మతో పాటే వచ్చి కూర్చుంటాయి. చిన్న గుర్తు ఉంది, సెర్చ్ ఫలితాల్లో తెల్లగా కనపడి నొక్కాక గళ్ళు వస్తే అసలుదయ్యే అవకాశం ఎక్కువ, నొక్కకముందే గళ్ళు కనపడితే అవి బొమ్మలో అచ్చయిపోయినవే.

సైజు దింపుకునేటప్పుడే చూస్కోండి. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ళు లెక్క, అంటే ఏ4 కాగితం నిండా రావాలంటే 2480 బై 3508 ఉండాలి. 1200 పిక్సెళ్ళ ఫోటో స్క్రీన్ మీద నిగనిగలాడుతుంది, ప్రింటులో నాలుగంగుళాలు దాటితే మసకే. ఎస్‌వీజీ, అంటే పిక్సెళ్ళతో కాకుండా గీతలు, ఆకారాలతో చేసిన ఫైల్ అయితే ఈ బాధ లేదు, ఎంత సాగదీసినా చెదరదు, ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి రంగులు కూడా మార్చుకోవచ్చు, అదీ ఫ్రీనే.

ఫోటో లైసెన్స్ ఫోటోకే, అందులో ఉన్న మనిషికి, వెనక కనపడే కంపెనీ లోగోకి కాదు. ఎవరిదో మొహం తీసుకొచ్చి ఈ మందుతో నా జబ్బు నయమైంది అన్నట్టు పక్కన రాశారనుకోండి, లైసెన్స్ ఎంత ఫ్రీ అయినా చిక్కుల్లో పడతారు. అలాగే ఎవడో వేరేవాళ్ళ ఫోటో తనదని ఫ్రీ సైట్‌లో ఎక్కించేసి ఉండొచ్చు కూడా. అనుమానమొస్తే ఫోటో ఇస్తే అది నెట్‌లో ఇంకెక్కడుందో వెతికిపెట్టే టిన్‌ఐలోనో గూగుల్ లెన్స్‌లోనో వేసి చూడండి, డబ్బు కట్టే సైట్లలో ఇంకో పేరుతో అదే ఫోటో కనపడితే వదిలేయడం మంచిది.

దింపిన వెంటనే ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక నోట్‌ప్యాడ్ ఫైల్ పెట్టి లింకు, తీసినవాళ్ళ పేరు, లైసెన్స్, తేదీ రాసేయండి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ కూడా పక్కనే పడేయండి. తేదీ ఎందుకంటే సైట్లు లైసెన్సులు మారుస్తాయి, అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో సీసీ జీరో వదిలేసి సొంతవి పెట్టుకున్నాయి. రేపెవరైనా అడిగితే ఆ రోజు అక్కడ ఏం రాసుందో చూపించాలి కదా.

పేరు వేయాల్సొస్తే పెద్ద హడావిడేం అక్కర్లేదు, బొమ్మ పేరు, తీసినవాళ్ళ పేరు, సీసీ బై 4.0, దొరికిన లింకు, మార్పులు చేస్తే రంగులు మార్చాం అని ఒక ముక్క, అంతా ఒక్క లైనులో అయిపోతుంది. పోస్టర్ అయితే కింద మూల చిన్న అక్షరాలతో, వెబ్‌సైట్ అయితే పేజీ అడుగున, వీడియో అయితే డిస్క్రిప్షన్‌లో. క్లయింట్ నా పోస్టర్ మీద వేరేవాళ్ళ పేరేంటి అంటాడు, ఖాయంగా అంటాడు, అందుకే పని ఒప్పుకున్నరోజే అడిగేసుకోండి, వద్దంటే మొదట్నుంచీ సీసీ జీరోలోనే వెతకొచ్చు.