బరువు తగ్గించే మందు వాడేటప్పుడు ఆకలిని, తిండి యావను, ఒత్తిడిని విడివిడిగా గమనించడం ఎలా?

ఊబకాయానికి మందు మొదలుపెట్టిన వారిలో చాలామంది రోజూ బరువు చూసుకుంటారు గాని, తినాలనిపించిన ప్రతిసారీ ఆ కోరిక ఎక్కడి నుంచి వచ్చిందో చూసుకోరు. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ వంటి మందులు ప్రధానంగా తినాలన్న కోరికను తగ్గిస్తాయి; తిండి తగ్గినందువల్ల బరువు తగ్గుతుంది. కాబట్టి మందు పనితీరు తూకంలో కన్నా ముందు ఆ కోరికలోనే తెలుస్తుంది. ఆ కోరిక పైకి ఒకటిగా కనిపించినా అందులో మూడు పాయలున్నాయి. ఒకటి శరీరానికి శక్తి అవసరమైనప్పుడు పుట్టే ఆకలి, రెండవది కడుపు నిండి ఉన్నా ఫలానాదే కావాలని పీడించే యావ, మూడవది మనసు బరువెక్కినప్పుడు ఊరట కోసం తినడం. మందు ఈ మూడింటి మీదా ఒకే తీరున పనిచేయదు. దేని మీద ఎంత పనిచేస్తోందో ఇంట్లోనే, ఒక నోటుపుస్తకంతో తెలుసుకోవచ్చు.

ముందుగా ఈ మూడింటినీ గుర్తుపట్టడం నేర్చుకోవాలి. ఆకలి మెల్లగా పెరుగుతుంది, భోజనం చేసి కొన్ని గంటలు గడిచాక వస్తుంది, ఎదుట ఏది పెట్టినా తీరుతుంది. యావ అలా కాదు. దానికి ఒక రుచి, ఒక వాసన ఉంటాయి, చూడటం వల్లనో తలుచుకోవడం వల్లనో ఉన్నట్టుండి పుడుతుంది, వేరే పదార్థంతో తీరదు. పెద్దవాళ్లు జిహ్వచాపల్యం అన్నది దీన్నే. అయితే ఆ మాటలో ధ్వనించే నింద ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఊబకాయం ఉన్నవారిలో చాలామందికి తిండి ధ్యాస రోజంతా ఆగని రొదలా ఉంటుంది, దాన్ని వాళ్లు కోరి తెచ్చుకోలేదు. అన్నిటికన్నా కష్టం ఒత్తిడితో తినడాన్ని పట్టుకోవడం. దానికి ముందు సాధారణంగా ఏదో ఒకటి జరిగి ఉంటుంది: ఒక మాట పట్టింపు, గడువు దగ్గరపడిన పని, నిద్రలేని రాత్రి. సగం తినేదాకా తింటున్నామన్న స్పృహే ఉండదు, తిన్నదాని రుచి గుర్తుండదు, కడుపు బరువెక్కినా మనసు తేలికపడదు.

వీలైతే మొదటి డోసుకు రెండు వారాల ముందే నోటుపుస్తకం తెరవండి. తిన్నప్పుడల్లా, తినాలని బలంగా అనిపించి ఆగినప్పుడు కూడా, సమయం వేసి ఆకలికి, యావకు, ఒత్తిడికి 0 నుంచి 10 వరకు విడివిడిగా అంకెలు వేయండి. కేలరీలు రాయకండి, అవి మొదలైతే పుస్తకం నేరాల చిట్టాగా మారి వారం తిరగకుండానే మూలపడుతుంది. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో, స్త్రీలైతే నెలసరి ఏ రోజో పక్కన రాసుకోవడం మంచిది, ఎందుకంటే ఈ రెండూ మందుతో సంబంధం లేకుండానే ఆకలినీ యావనూ మార్చగలవు. ఈ రెండు వారాల రాతను అనవసరమని దాటవేయకండి. ఆకలి తగ్గిన మనిషికి ఒకప్పుడు అది ఎంత ఉండేదో త్వరగానే మరుపుకు వస్తుంది, అప్పుడు మందు ఏమీ చేయడం లేదన్న అపోహ కలుగుతుంది. పరిశోధకులు సైతం జ్ఞాపకాన్ని అంతగా నమ్మరు. తిండి మీద అదుపును కొలిచే వారి ప్రశ్నావళి గడిచిన ఏడు రోజుల గురించి మాత్రమే అడుగుతుంది. మందు ఇప్పటికే మొదలుపెట్టినవారు ఈ రోజు నుంచే రాయవచ్చు, పోలిక కాస్త బలహీనంగా ఉంటుంది, అంతే.

ఆ అంకెలను చదవాలంటే మందు లోపల ఏం చేస్తుందో కొంత తెలియాలి. భోజనం పేగుల్లోకి దిగినప్పుడు అక్కడి కణాలు జీఎల్‌పీ-1 అనే హార్మోనును విడుదల చేస్తాయి. అది రక్తంలో రెండు నిమిషాల్లోనే సగానికి సగం విరిగిపోతుంది. సెమాగ్లూటైడ్ ఆ హార్మోనును పోలినదే గాని, సగం తగ్గడానికి సుమారు వారం పడుతుంది. అందుకే వారానికి ఒక ఇంజెక్షన్ సరిపోతుంది. టిర్జెపటైడ్ జీఎల్‌పీ-1 గ్రాహకంతోపాటు (గ్రాహకం అంటే కణం మీద హార్మోను అతుక్కునే చోటు) జీఐపీ అనే మరో హార్మోను గ్రాహకం మీద కూడా పనిచేస్తుంది. ఈ మందులు మెదడులో ఆకలిని నడిపే హైపోథాలమస్ మీదా, మెదడు కాండం మీదా పనిచేసి కడుపు నిండిన భావాన్ని త్వరగా తెస్తాయి, మొదట్లో జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని కూడా తగ్గిస్తాయి. ఇది ఆకలి సంగతి. యావ పుట్టేది మెదడులో రుచిలోని సుఖాన్ని వెతికే మార్గాల్లో, వాటిని నడిపేది డోపమైన్ అనే రసాయనం. అక్కడ కూడా జీఎల్‌పీ-1 గ్రాహకాలు ఉన్నాయి. 2017లో వెలువడిన ఒక చిన్న పరీక్షలో, ఊబకాయం ఉన్న 30 మంది 12 వారాలు సెమాగ్లూటైడ్ తీసుకున్న తరువాత, కోరినంత తినే వీలున్నా ఉత్తుత్తి మందు తీసుకున్నప్పటి కన్నా 24 శాతం తక్కువ శక్తినిచ్చే ఆహారంతో ఆగిపోయారు. వారిలో యావలు తగ్గాయి, కొవ్వు ఎక్కువున్న పదార్థాల మీద ఇష్టం కూడా తగ్గింది.

అన్ని మందులూ ఇలాంటివి కావు. ఓర్లిస్టాట్ పేగుల్లో కొవ్వు ఇంకకుండా అడ్డుకుంటుంది, ఆకలి కేంద్రాల జోలికి పోదు. దాన్ని వాడుతూ ఆకలి తగ్గలేదని నిరాశపడటం అర్థం లేని పని. ఫెంటర్మైన్ ప్రధానంగా ఆకలిని అణుస్తుంది. నాల్ట్రెక్సోన్, బుప్రోపియాన్ కలిసిన మాత్ర ఆకలి మీదా, తిండిలోని సుఖాన్ని వెతికే మార్గాల మీదా పనిచేస్తుంది. మీరు వాడుతున్నది ఏ కోవకు చెందిందో వైద్యుణ్ణి అడిగి నోటుపుస్తకం మొదటి పేజీలోనే రాసుకోండి.

ఇక మందు మొదలైన తరువాతి అంకెలు. బరువు తగ్గించడానికి వాడే సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ 0.25 మిల్లీగ్రాములతో మొదలై, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 0.5, 1, 1.7 దాటి 2.4 మిల్లీగ్రాములకు చేరడానికి 16 వారాలు పడుతుంది. తొలి మెట్టు శరీరానికి అలవాటు చేయడానికే. ఆ నెల అంకెలు చూసి మందు మీద తీర్పు చెప్పకూడదు. డోసు మారిన తేదీ దగ్గర గీత గీసి, ఆ గీతల మధ్య సగటులను పోల్చండి. ఇంజెక్షన్ వేసుకున్న రోజు నుంచి ఎన్నో రోజో కూడా రాస్తే, వారం చివర ఆకలి మళ్లీ తలెత్తుతోందా అన్నది బయటపడుతుంది. వికారానికి వేరే గడి పెట్టుకోవాలి. వికారం వల్ల తినలేకపోవడం, ఆకలి తీరి తినకపోవడం అంకెల్లో ఒకేలా కనిపిస్తాయి గాని, మొదటిది దుష్ఫలితం, రెండవది మందు పనిచేస్తున్న గుర్తు. ఈ తేడా రాయకపోతే డోసు పెంచాల్సిన చోట తగ్గించడమో, తగ్గించాల్సిన చోట పెంచడమో జరుగుతుంది.

ఆకలి అంకె రోజుల తరబడి 0, 1 దగ్గరే ఉంటే అది సంబరపడవలసిన విషయం కాదు. ఆకలి పిలవకపోయినా గడియారం చూసి తినాలి, ప్రతి భోజనంలో ప్రొటీన్ ఉన్న పదార్థాన్ని ముందుగా తినాలి, దాహం వేయకపోయినా నీళ్లు తాగాలి. లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా ఎక్కువగా కరగవచ్చు, మలబద్ధకం రావచ్చు. మరొక హెచ్చరిక: ఇన్సులిన్ లేదా సల్ఫోనైల్‌యూరియా మాత్రలు కూడా వాడే మధుమేహ రోగులకు ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి, చెమట, వణుకు కలిసి వస్తే దాన్ని యావగా రాసి ఊరుకోకూడదు. అది రక్తంలో చక్కెర పడిపోవడం కావచ్చు. వెంటనే పరీక్షించుకుని చక్కెర తీసుకోవాలి.

యావ అంకె తగ్గిన కాలాన్ని వృథా చేయకండి. రొద తగ్గిన మనసుకు పాత అలవాటును చూసే తీరిక దొరుకుతుంది: ఏ గదిలో, ఏ వేళ, ఎవరితో ఉన్నప్పుడు యావ పుడుతోందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. యావ వచ్చినప్పుడు పది పదిహేను నిమిషాలు తినకుండా ఆగి, అంకెను రెండోసారి వేయండి. చాలాసార్లు అది దానంతట అదే దిగుతుంది, ఆ దిగడాన్ని సొంత చేతిరాతలో చూడటం ఎవరు చెప్పిన ధైర్యం కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఒత్తిడి అంకె దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. ఈ మందులు ఒత్తిడికి చికిత్స కావు. దీర్ఘకాలపు ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను తీపి, కొవ్వు పదార్థాల మీద మనసును లాగుతుంది. మందు ఆ లాగుడును సడలించవచ్చు గాని, గొడవ గొడవలాగే ఉంటుంది, గడువు గడువులాగే ఉంటుంది. అందువల్ల కొందరి పుస్తకంలో ఒక విచిత్రమైన వరస కనిపిస్తుంది: ఆకలి తగ్గుతుంది, యావ తగ్గుతుంది, ఒత్తిడి మాత్రం పెరుగుతుంది. అంతవరకు తిండే ఊరటగా బతికినవారికి ఆ ఊరట రుచించకుండా పోయినప్పుడు మిగిలే వెలితి అది. దాన్ని నింపడానికి నడక, నిద్ర, మనసు విప్పి మాట్లాడగల మనిషి, అవసరమైతే మానసిక వైద్యుడు కావాలి. డోసు పెంచితే అది నిండదు. రెండో అవకాశం, ఆ పెరుగుదల మందు వల్లనే కావడం. ఫెంటర్మైన్, బుప్రోపియాన్ నిద్రను చెడగొట్టి అలజడి కలిగించగలవు. ఆకలి మార్గాలు, మనోస్థితి మార్గాలు మెదడులో ఎంతగా పెనవేసుకుని ఉంటాయో చెప్పడానికి రిమోనబాంట్ ఉదంతం చాలు: ఐరోపాలో 2006లో అనుమతి పొందిన ఆ మందు యావను తగ్గించినా, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనల భయంతో 2008లో అమ్మకం ఆపేయవలసి వచ్చింది. కాబట్టి మందు మొదలైన తరువాత ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, దిగులు వరుసగా రెండు వారాలు కనిపిస్తే వైద్యుడికి చెప్పండి. చావు ఆలోచనలు వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి.

వైద్యుడి దగ్గరకు పుస్తకమంతా మోసుకెళ్లడం వల్ల లాభం లేదు. డోసువారీగా మూడు సగటులు, వికారం ఎన్ని రోజులు ఉంది, ఒత్తిడి ఎప్పుడు పెరిగింది, ఇవి ఒక పేజీలో రాసుకెళ్తే చాలు. వీపు వైపు పాకే తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు వస్తే మాత్రం ఆ పేజీ కోసం చూడకుండా వెంటనే వెళ్లాలి.

మందు ఆపాలనుకున్నప్పుడు ఇదే పుస్తకం మళ్లీ అక్కరకు వస్తుంది. సెమాగ్లూటైడ్ పెద్ద పరీక్షల్లో ఒకదానిలో, 68 వారాల తరువాత మందు ఆపినవారు ఏడాదిలో తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి పెరిగారు. బరువు తగ్గిన శరీరం ఆకలిని పెంచే గ్రెలిన్ అనే హార్మోనును పెంచి, తృప్తి సంకేతమైన లెప్టిన్ అనే హార్మోనును తగ్గించి పాత బరువు వైపు లాగుతుంది, అది మనిషి బలహీనత కాదు. ఆపే నిర్ణయం వైద్యుడితో కలిసి తీసుకుని, ఆపిన రోజున మళ్లీ గీత గీసి, కనీసం మూడు నెలలు అంకెలు వేయండి. ఆకలి అంకె ముందుగా ఎక్కితే మందు సంగతి వైద్యుడితో మళ్లీ మాట్లాడాలి. ఒత్తిడి అంకె ఒక్కటే ఎక్కి మిగతా రెండూ కదలకపోతే, వెతకవలసింది మందుల చీటీలో కాదు.