చైన్ సా తాడు లాగితే పట్టేస్తోందా? పిస్టన్ మార్చే ముందు ఇవి చూడండి

జామాయిల్, సుబాబుల్ కటింగ్ జోరుగా ఉన్నప్పుడు కావలి నుంచి టంగుటూరు దాకా అందరిదీ ఒకటే మాట. "అన్నా, ఇంజిన్ పట్టేసింది, పిస్టన్ మార్చాలంట." ఆ "అంట" ఎవరన్నారో తెలియదు. పాత మిషన్ తాడు పట్టేస్తే చాలా వరకు పిస్టన్‌కి ఏమీ అయి ఉండదు. స్టార్టర్ కవర్ విప్పి చూసినవాళ్లు మాత్రం అరుదు.

ముందు ఇది చేయండి

ప్లగ్ క్యాప్ పీకేయండి. తాడు ఉన్న వైపు కవర్‌ని స్క్రూలు తీసి పక్కకు తీయండి, మామూలుగా నాలుగు ఉంటాయి. ఇప్పుడు కవర్‌ని చేతిలో పట్టుకుని తాడు లాగండి. తర్వాత మాగ్నెట్‌ని, అంటే కవర్ వెనక ఇంజిన్‌కి ఉండే రెక్కల చక్రాన్ని, ప్లగ్ ఉంచి ఒకసారి, ప్లగ్ విప్పి ఒకసారి చేత్తో తిప్పండి. ఇంతే.

కవర్ చేతిలో ఉన్నా తాడు పట్టేస్తే

తప్పు స్టార్టర్‌దే. రంపపు పొట్టు, చైన్ ఆయిల్ కలిసి లోపల ముద్దకట్టి ఉంటుంది, లేదా స్ప్రింగ్ విరిగి ఉంటుంది. పొట్టు అయితే బ్రష్‌తో దులిపి తుడవండి. స్ప్రింగ్‌కి గ్రీజు దట్టించొద్దు, చుక్క పల్చటి ఆయిల్ చాలు. గ్రీజు పెడితే నెల తిరక్కుండా మళ్లీ అదే ముద్ద.

కవర్ ఫ్రీ, మాగ్నెట్ తిరగట్లేదు

ప్లగ్ తీశాక తిరుగుతోందంటే సిలిండర్‌లో పెట్రోల్ నిండి ఉండొచ్చు. బీడీ ఆర్పేసి, ప్లగ్ రంధ్రం కిందికి వచ్చేలా మిషన్ వంచి పెట్రోల్ వంపేయండి. ప్లగ్ తీసినా కదలకపోతే సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ చూడండి. గీతలు పడి ఉంటే పెట్రోల్‌లో కలిపే 2టీ ఆయిల్ తగ్గించి నడిపి ఉండొచ్చు. అప్పుడు మాత్రమే ఆ "అంట" నిజం.

రెండూ ఫ్రీ, బిగించాక పట్టేస్తోంది

అందరినీ బోల్తా కొట్టించేది ఇదే. విడిగా అన్నీ బాగుంటాయి కాబట్టి నేరం ఇంజిన్ మీద పడుతుంది. ఇంజిన్ విప్పి, గాస్కెట్లు మార్చి, మళ్లీ బిగించాక కూడా తాడు సగంలో ఆగిపోతుంది.

ఎక్కువగా అసలు కారణం తాడు లావు. పాత తాడు తెగినప్పుడు హార్డ్‌వేర్ షాపులో దొరికిన నైలాన్ తాడు వేస్తారు. గట్టిగా ఉంటే మంచిదని ఒక సైజు పెద్దదే తెస్తారు, మిగిలింది కోయడానికి మనసొప్పక పొడవు కూడా వదిలేస్తారు. అంత తాడు అది చుట్టుకునే చక్రం, అంటే పుల్లీ, గాడిలో పట్టదు, అంచు దాకా పొంగుతుంది. పాత మిషన్లలో పుల్లీ బుష్ (పుల్లీ మధ్య రంధ్రంలో ఉండే తొడుగు) కూడా అరిగి ఉంటుంది. కవర్ చేతిలో పట్టుకుని లాగితే బరువు ఉండదు కాబట్టి పుల్లీ నిటారుగానే తిరుగుతుంది. ఇంజిన్ కంప్రెషన్ తగిలాక మాత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. అప్పుడు పై చుట్టు జారి పుల్లీకీ కవర్‌కీ మధ్య సందులో ఇరుక్కుంటుంది, నక్క బోనులో పడ్డట్టు. కవర్ విప్పేసరికి ఒత్తిడి తగ్గి తాడు తనంతట తానే బయటికి వస్తుంది. మనకేమీ కనపడదు.

పట్టుకోవడం ఎలాగంటే, కవర్ చేతిలో ఉండగానే పుల్లీ మీద బొటనవేలు అదిమి, మీరు తోటలో లాగే వాలులోనే తాడు లాగండి. పట్టేస్తే ఇదే రోగం. పుల్లీ అంచు, కవర్ లోపలి గోడ చూడండి, తాడు రాసుకున్న చోట నున్నగా మెరుస్తుంది.

సరిచేయడానికి ముందు స్ప్రింగ్ టెన్షన్ వదలాలి. జానెడు తాడు బయటికి లాగి, పుల్లీని గట్టిగా పట్టుకుని, ఆ తాడును పుల్లీ అంచున ఉన్న గంటులోకి తెచ్చి, పుల్లీని మెల్లగా వెనక్కి తిరగనివ్వండి. మధ్య స్క్రూ లేదా క్లిప్ తీసి పుల్లీని నెమ్మదిగా ఎత్తండి. కింద స్ప్రింగ్ చుట్టుకుని ఉంటుంది, ఎగిరి మొహానికి తగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, గుడ్డ కప్పండి.

కొత్త తాడు కొనేటప్పుడు పాత ముక్క పట్టుకెళ్లండి, అదే లావు తీసుకోండి. మిషన్‌ని బట్టి 3 నుంచి 4.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఒక్క అర మిల్లీమీటరే కొంప ముంచుతుంది. పొడవు సాధారణంగా మీటరు లోపో, మీటరుకు కాస్త అటూ ఇటూనో. మొత్తం చుట్టాక తాడు పుల్లీ అంచుకు లోపలే ఉండాలి. ముడి దాని గూట్లో పూర్తిగా కూర్చోవాలి, కొస బయటికి పొడుచుకు వస్తే అది కూడా గీసుకుంటుంది. పుల్లీ చేత్తో కదిపితే బాగా ఊగుతోందంటే బుష్ లేదా పుల్లీ మార్చండి, లేకపోతే సరైన తాడు వేసినా మళ్లీ జారుతుంది.

స్ప్రింగ్ టెన్షన్ మిషన్‌ని బట్టి మారుతుంది, చాలావాటికి పుల్లీ రెండు, మూడు చుట్లు చాలు. తాడు పూర్తిగా లాగి పట్టుకున్నాక కూడా పుల్లీ ఇంకో అర చుట్టు తిరగాలి. తిరగకపోతే టెన్షన్ ఎక్కువైంది, ఒక చుట్టు వదలండి. లేదంటే తాడు చివర దబ్బున ఆగి స్ప్రింగ్ విరుగుతుంది.

మిగతావి

మాగ్నెట్ ప్రతి చుట్టులో ఒకే చోట రాసుకుంటుంటే కాయిల్ (ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) దానికి తగులుతూ ఉండొచ్చు. విజిటింగ్ కార్డు మందం సందు ఉంచి బిగించండి. కవర్‌కి పొడవాటి స్క్రూ తప్పు రంధ్రంలో వేసినా అది మాగ్నెట్‌ని ఆపుతుంది. తాడు చేతిలోంచి వెనక్కి గుంజుకుంటుంటే మాగ్నెట్‌ని షాఫ్ట్‌కి కదలకుండా పట్టే చిన్న ముక్క (కీ) తెగి టైమింగ్, అంటే ప్లగ్ నిప్పు రాజేసే సమయం, తప్పి ఉండొచ్చు, అది మెకానిక్ పని.